బోరు నీళ్లలో పదహారు చుక్కలు

మే నెల ఆదివారం. పొద్దున్న ఆరున్నరకే పద్మారావునగర్‌లో మెట్లెక్కుతుంటే వీపు తడుస్తోంది. మూడో అంతస్తులో తలుపు తీసే ఉంది. చెప్పులు బయట వదిలి లోపలికి రండి. హాల్లో కుడిగోడకు మూడడుగుల గాజు తొట్టి. గులకరాళ్లు, చెట్టు మొద్దు, మొక్కలు పోగా వంద లీటర్ల నీళ్లు పడతాయి. నల్ల మోలీలు మొక్కల మధ్య నాచు గీరుకుంటున్నాయి. మగ గప్పీలు ఆడవాటి వెంట పడి తిరుగుతున్నాయి. నీటి మట్టానికి కాస్త పైన, గాజు పొడవునా సున్నం వేసినట్టు తెల్లటి చార ఉంది. వేలితో రుద్దితే పోదు. దాన్ని గుర్తుపెట్టుకోండి.

చిన్నాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. కొలవనిదే దేన్నీ నమ్మడు. డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి మూడు స్టీలు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో వంటింటి ఆర్వో మిషన్ నీళ్లు. సికింద్రాబాద్‌లో చేపలు పెంచేవాళ్ల కష్టమంతా ఈ మూడు గ్లాసుల్లోనే ఉంది.

నల్లా నీళ్లంటే జలమండలి నీళ్లు. ఇక్కడ చాలామంది ఇప్పటికీ మంజీరా నీళ్లనే అంటారు కానీ, 2004 నుంచి కృష్ణా నీళ్లు, 2015 చివర్నుంచి ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు కూడా ఈ జంటనగరాలకు వస్తున్నాయి. నల్లా రోజూ రాదు. వచ్చినప్పుడు సంపు నిండాలి. ఎండాకాలం ఆ నీళ్లు చాలక బోరు వేస్తారు, బోరు ఎండితే ట్యాంకరు పిలుస్తారు, ట్యాంకరు తెచ్చేదీ ఎక్కువగా ఎక్కడిదో బోరు నీళ్లే. అంటే సంపులో ఇవాళ ఉన్న నీళ్లు, వచ్చేవారం ఉండే నీళ్లు ఒకటి కావు. మనం తాగేది ఆర్వో కాబట్టి మనకు తేడా తెలియదు. చేపకు తెలుస్తుంది.

"దగ్గరికి రా, చూడు" అంటాడు చిన్నాయన. మనవరాలు బాత్రూంలో బోరు కుళాయి తిప్పి అప్పుడే పట్టుకొచ్చిన గ్లాసు అది. గాజు గొట్టంలో అయిదు మిల్లీలీటర్లు పోసి, పీహెచ్ కిట్‌లో ద్రావణం మూడు చుక్కలు వేసి, మూత పెట్టి తిప్పాడు. పచ్చరంగు. కార్డు పక్కన పెడితే 7.2. "బంగారం లాంటి నీళ్లు కదా తాతా!" అంది పిల్ల. ఆయన మాట్లాడలేదు. బాల్కనీలో నిన్న సాయంత్రం పట్టి, రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి గాలి కొట్టించిన బకెట్టు ఉంది. అదే బోరు, అదే కుళాయి. ఆ నీళ్లు గొట్టంలో పోసి చుక్కలు వేస్తే ఆ కిట్ చూపగలిగిన ఆఖరి నీలం వచ్చింది. ఇంకా పైకి కొలిచే రెండో కిట్ తీశాడు. ఈసారి ఊదా వైపు తిరిగిన గోధుమరంగు. 8.2.

ఒకే బోరు. ఒక రాత్రి తేడా. ఒక పీహెచ్ అంటే పదిరెట్లు. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ఈ కొలత పెట్టినప్పుడే అలా పెట్టాడు. ఒక మెట్టు దిగితే ఆమ్లం పదింతలు, రెండు మెట్లు దిగితే నూరింతలు. 7.2 నుంచి 8.2కి ఎక్కిన ఆ బకెట్టులో రాత్రికి రాత్రి ఎవరూ ఏమీ కలపలేదు.

ఇప్పుడు ఆయన మూడో సీసా తీశాడు. నీళ్ల క్షారతను కొలిచే కేహెచ్ కిట్. నా మటుకు నేను, చేపల తొట్టి ఉన్న ప్రతి ఇంట్లో మొదట కొనాల్సింది ఇదే అంటాను. దుకాణాల్లో మాత్రం పీహెచ్ కిట్ ముందు అంటగడతారు. మొదటి చుక్క పడగానే నీళ్లు నీలమయ్యాయి. రెండు, మూడు, నాలుగు. నీలంగానే ఉన్నాయి. పది దాటాక చుక్క పడినచోట పసుపుతీగ ఒకటి మెలితిరిగి మాయమవుతోంది. గొట్టం ఊపితే మళ్లీ నీలం. పద్నాలుగో చుక్కకు రంగు కొంచెం మసకబారింది, పదిహేనుకు ఆకుపచ్చ ఛాయ. పదహారో చుక్కకు గొట్టమంతా ఒక్కసారి పసుపు. చుక్కకు ఒక డిగ్రీ. డిగ్రీ అంటే లీటరుకు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానమైన క్షారత. ఈ లెక్కన పదహారు చుక్కలంటే 286 మిల్లీగ్రాములు.

బాల్కనీ బకెట్టు నీళ్లకూ అదే పరీక్ష. అక్కడా పదహారే.

గ్లాసు నీళ్లకూ బకెట్టు నీళ్లకూ పీహెచ్ వేరు, కేహెచ్ ఒకటే. ఇక్కడ కాసేపు ఆగండి, అసలు సంగతి ఇదే. వాన నీళ్లు నేలలోకి ఇంకేటప్పుడు వేళ్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారతాయి. మౌలాలి గుట్టలో పైకి కనిపించే గ్రానైటే ఈ వీధుల అడుగునా ఉంది. ఆ నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి ఉండి రాతిని కొద్దికొద్దిగా కరిగించి బైకార్బొనేట్‌ను కూడగట్టుకుంటాయి. పైకి తోడినప్పుడు అందులో బైకార్బొనేట్ ఉంటుంది, ఒత్తిడిలో ఇమిడిన కార్బన్ డయాక్సైడ్ కూడా ఉంటుంది. ఆ గ్యాసు పీహెచ్‌ను కిందికి లాగి పట్టుకుంటుంది. గాలి తగలగానే గ్యాసు పోతుంది, పీహెచ్ లేస్తుంది, బైకార్బొనేట్ మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. కుళాయి దగ్గర కొలిచి 7.2 అని సంతోషపడి చేపను వేసినవాడు, తెల్లారేసరికి చేపను 8.2లో ఈదిస్తున్నాడు. గాజు మీద తెల్లచార గుర్తుందా? నీళ్లు ఆవిరైపోగా మిగిలిన సున్నం అది. గీజరు కాయిల్‌కు పట్టేదీ అదే.

ఆర్వో నీళ్లకు మొదటి చుక్కే పసుపు. అంటే కేహెచ్ దాదాపు లేనట్టే. ఆ రోజు నల్లా నీళ్లకు ఏడు చుక్కలు పట్టాయి.

"ఏడైతే మంచిదే, పదహారైతే గప్పీలకు, మోలీలకు ఇబ్బంది లేదు" అంటూ చిన్నాయన కేలండరు మీద రాసుకున్నాడు. "సున్నా అయితేనే భయం బిడ్డా."

ఎనిమిదింటికి చిలకలగూడ వైపు నడుద్దాం. సందులో చేపల దుకాణం ముందు ఆటో ఆగి ఉంది. చెన్నై కొళత్తూరు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన థర్మోకోల్ డబ్బాలు దింపుతున్నారు. రంగుచేపల పెంపకానికి కొళత్తూరు దేశంలోనే పేరున్న చోటు. టేపు కోసి మూత తీస్తే పాలిథిన్ సంచులు, మూడో వంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్, మూతికి బిగించిన రబ్బరు బ్యాండ్లు. ఒక సంచిని వెలుతురుకు పట్టి చూడండి. ఏంజెల్ పిల్లలు, బిళ్లంత. రెక్కలు ముడుచుకుని ఒక మూలకు చేరాయి.

ఆ సంచిలో రాత్రంతా ఏం జరిగిందో ఆలోచించండి. చేపలు ఊపిరి వదిలాయి, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంది, పీహెచ్ పడిపోయింది. విసర్జించిన అమ్మోనియా కూడా అందులోనే ఉంది. కానీ పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అది అమ్మోనియం రూపంలో ఉంటుంది, చేపకు అంత హాని చేయదు. సంచి మూతి విప్పిన క్షణం నుంచి గ్యాసు పోవడం మొదలవుతుంది, పీహెచ్ ఎక్కుతుంది, అమ్మోనియం కాస్తా విషపు అమ్మోనియా అవుతుంది. అందుకే దుకాణం అబ్బాయి సంచుల మూతి విప్పకుండానే తొట్టి నీళ్ల మీద తేలేశాడు. వేడి సమానమయ్యాక ఒక్కొక్కటే కోసి, వలలోకి వంపి, చేపల్ని మాత్రం తొట్టిలోకి వదిలి, సంచి నీళ్లు మోరీలో పారబోశాడు. దూరం నుంచి వచ్చిన సంచిని విప్పి అందులో గంటసేపు చుక్కచుక్కగా కొత్తనీళ్లు పోస్తూ కూర్చోవడం మంచిదని చాలామంది అనుకుంటారు. గల్లీ చివరి దుకాణం నుంచి పావుగంటలో ఇంటికి తెచ్చిన చేపకైతే ఆ పద్ధతి సరే. రాత్రంతా సంచిలో ఉన్న చేపకు ఆ గంటే గండం.

"మీ ఇంట్ల ఏ నీళ్లు అన్నా?" అని ఆ అబ్బాయి వచ్చినవాళ్లందరినీ అడుగుతున్నాడు. బోరు అన్నవాళ్లకు మోలీలు, గప్పీలు, మలావి చెరువు సిక్లిడ్లు, ఫ్లవర్‌హార్న్ చూపిస్తున్నాడు. డిస్కస్ కావాలని వచ్చిన కుర్రాణ్ణి ముందు ఆర్వో ఏర్పాటు చేసుకుని రమ్మని పంపించాడు. అమెజాన్‌లో మెత్తటి, ఆమ్లపు నీళ్లలో బతికే చేప అది. బేరం పోతుందని తెలిసీ అలా చెప్పిన ఆ అబ్బాయి మీద నాకు గౌరవం పెరిగింది. చేపకు తగ్గ నీళ్లు చేయడం కంటే నీళ్లకు తగ్గ చేపను తెచ్చుకోవడం వందరెట్లు తేలిక.

ఓ పెద్దమనిషి 'పీహెచ్ డౌన్' సీసా అడిగాడు. బోరు నీళ్లలో పీహెచ్ 8.2 వచ్చిందని, 7కు దించాలని ఆయన పట్టుదల. ఆ మందు పోస్తే ఏమవుతుందో చూడండి. సీసాలో ఉండేది సాధారణంగా పలచటి ఆమ్లం. నీళ్లలో పడగానే బైకార్బొనేట్ దాన్ని పట్టుకుని కార్బన్ డయాక్సైడ్‌గా, నీళ్లుగా మారిపోతుంది. ఆ గ్యాసు వల్ల పీహెచ్ కాసేపు దిగుతుంది. గ్యాసు పోయాక సాయంత్రానికి మళ్లీ ఎనిమిది దాటుతుంది. మర్నాడు మళ్లీ పోస్తాడు. చేప రోజుకోసారి పదింతల ఆమ్లం ఎక్కి దిగుతుంది. ఏదో ఒకరోజు బైకార్బొనేట్ అయిపోతుంది, అప్పుడు అదే మూతెడు మందుకు పీహెచ్ అయిదుకు జారుతుంది. స్థిరంగా ఉన్న 8.2లో గప్పీ పిల్లల్ని పెడుతుంది. ఊగే 7లో జబ్బు పడుతుంది.

పదిన్నరకు తిరిగి వస్తుంటే గ్రౌండ్ ఫ్లోర్ ఆవిడ తలుపు దగ్గరే ఉంది. "అంకుల్, ఒకసారి చూస్తారా? ఏంజెల్స్ రెండు రోజుల నుంచి మేత ముట్టట్లేదు."

రెండడుగుల తొట్టి, యాభై లీటర్లు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. చేపలు మాత్రం పంపు దగ్గర పైకి తేలి మూతులు ఆడిస్తున్నాయి. పక్కనే బోరు నీళ్లు నింపిన బకెట్టు సిద్ధంగా ఉంది. సగం నీళ్లు తీసి కొత్తవి పోద్దామని. "మంచి నీళ్లే పోస్తున్నాను అంకుల్, మొదట్నుంచీ ఆర్వోనే. ఇవాళ కరెంటు పోయి ఆర్వో రాలేదు, అందుకని..."

"ఆగమ్మా. బకెట్టు పక్కకు పెట్టు" అన్నాడు చిన్నాయన. మనవరాలు పైకి పరిగెత్తి కిట్లు తెచ్చింది. పీహెచ్ గొట్టం పసుపు. కార్డులో అంతకంటే కిందికి రంగే లేదు. ఆరో, ఆరుకంటే తక్కువో. కేహెచ్ ఒక్క చుక్కకే పసుపు. అమ్మోనియా గొట్టం అయిదు నిమిషాలు ఆగి చూస్తే ముదురాకుపచ్చ.

ఈ నీళ్లు ఇలా ఎందుకయ్యాయి? ఫిల్టరులో బతికే సూక్ష్మజీవులు చేపల అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. ఆ పనిలో ఆమ్లం పుడుతుంది. అమ్మోనియా రూపంలోని ఒక గ్రాము నైట్రోజన్‌ను మార్చడానికి సుమారు ఏడు గ్రాముల క్షారత ఖర్చవుతుంది. నూటికి నలభై పాళ్లు ప్రొటీన్ ఉన్న మేత ఒక గ్రాము వేస్తే, అందులో నైట్రోజన్ 64 మిల్లీగ్రాములు. దాంట్లో సగం అమ్మోనియాగా బయటికి వచ్చినా, వంద లీటర్ల తొట్టిలో వారం ఎనిమిది రోజులకు ఒక డిగ్రీ కేహెచ్ కరిగిపోతుంది. నాలుగు డిగ్రీలుంటే నెల. అదీ రోజుకు ఒక్క గ్రాము మేతకు. వంటింట్లో బియ్యం డబ్బా లాంటిదే ఇది: రోజూ సోలెడు తీస్తున్నా వంట మామూలుగానే సాగుతుంది, సోల అడుక్కి తగిలిన రోజే ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. కేహెచ్ ఉన్నంతకాలం పీహెచ్ కదలదు, అయిపోయిన రోజు ఒక్కసారిగా కూలుతుంది. ఈ ఇంట్లో మొదట్నుంచీ ఆర్వో ఒక్కటే కాబట్టి డబ్బాలో బియ్యమే పోయలేదు. పీహెచ్ ఆరుకు దిగితే ఆ సూక్ష్మజీవులు కూడా దాదాపు పని మానేస్తాయి. అమ్మోనియా పేరుకుంటుంది. చేపలు ఇంకా బతికి ఉన్నాయంటే ఆ తక్కువ పీహెచ్ పుణ్యమే. ఆరు దగ్గర విషపు రూపం వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు.

ఇప్పుడు ఆ బకెట్టు చూడండి. పదహారు డిగ్రీల బోరు నీళ్లు. సగం తొట్టి నిండా పోస్తే పీహెచ్ మధ్యాహ్నానికి ఎనిమిదికి వెళ్తుంది. ఎనిమిది దగ్గర, ముప్ఫై డిగ్రీల మే నెల నీళ్లలో, విషపు అమ్మోనియా వందకు ఏడు వంతులు. దాదాపు నూరింతలు. శుభ్రమైన నీళ్లు పోశాక తెల్లారి చేపలన్నీ తేలాయని ఎంతోమంది చెప్పుకుని బాధపడే కథ వెనక జరిగేది ఇదే. నీళ్లలో మందు కలిసిందేమోనని, ఎవరి దిష్టో తగిలిందని అనుకుంటారు.

చిన్నాయన చెప్పిన వైద్యం నిదానమైనది. మేత మూడు రోజులు బంద్. కరెంటు రాగానే ఆర్వో నీళ్లతోనే మూడో వంతు మార్చాలి, రేపు మళ్లీ మూడో వంతు. ముందు అమ్మోనియా పలచబడాలి, పీహెచ్ అక్కడే ఉండాలి. ఆకుపచ్చ తగ్గి పసుపు వైపు వచ్చాక కేహెచ్ పెంచడం మొదలుపెట్టాలి. "ఇంట్ల వంట సోడా ఉందా అమ్మా?"

ఆవిడ రెండు పొట్లాలు తెచ్చింది. ఆయన చదివి ఒకటి వెనక్కి ఇచ్చేశాడు. అది బట్టల సోడా, సోడియం కార్బొనేట్. చూడ్డానికి ఒకలాగే ఉంటుంది, పీహెచ్‌ను మాత్రం ఎక్కడికో ఎత్తుకుపోతుంది. వంట సోడా సోడియం బైకార్బొనేట్. వంద లీటర్లకు మూడు గ్రాములు వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. ఈ యాభై లీటర్లకు గ్రామున్నర, పావు టీస్పూనుకు కాస్త పైన. గ్లాసు నీళ్లలో కరిగించి, పంపు నీళ్లు దూకేచోట కొద్దికొద్దిగా పోయాలి. రోజుకు ఒక్క డిగ్రీ కంటే పెంచొద్దు, పెంచేముందు ప్రతిరోజూ అమ్మోనియా చూడాలి. మూడు నాలుగు దగ్గర ఆపితే ఏంజెల్స్‌కు చాలు. ఆ తర్వాత సోడా కూడా అక్కర్లేదు. వారంవారం మార్చే నీళ్లలో నాలుగు పాళ్ల ఆర్వోకు ఒక పాలు బోరు కలిపితే పదహారు మూడుకు వస్తుంది. కేహెచ్‌కు ఈ కూడికలు, భాగహారాలు పనిచేస్తాయి. పీహెచ్‌లకు అలా సగటు తీయడం కుదరదు. పైగా బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కూడా వస్తాయి. వంట సోడాలో అవి లేవు, కాబట్టి ఆర్వోకు సోడా ఒక్కటే తోడు చేస్తే నీళ్లు ఎప్పటికీ అరకొరే.

మధ్యాహ్నం మనవరాలు రెండు హార్లిక్స్ సీసాలు ముందేసుకుంది. మారేడుపల్లిలో స్నేహితురాలి ఇంటి కాంపౌండులో పెద్ద నాటుబాదం చెట్టుంది, ఎర్రబడి రాలిన ఆకులు ఏరుకొచ్చి ఎండబెట్టింది. ఫైటర్ చేపలు పెంచేవాళ్లు ఈ ఆకులకు విలువిస్తారు. నిన్న ఒక సీసాలో ఆర్వో, ఒక దాంట్లో బోరు పోసి ఒక్కో ఆకు ముంచింది. ఇవాళ రెండూ డికాషన్ రంగులో ఉన్నాయి. ఆర్వో సీసాలో పీహెచ్ ఆరు దగ్గరికి దిగింది. బోరు సీసాలో రంగే తప్ప పీహెచ్ కదల్లేదు. ఆకులోని ఆమ్లాలను పదహారు డిగ్రీలు మింగేశాయి. ఆ పిల్ల ఇంకో ఆకు వేయబోయింది, ఇంకో పది వేసినా అంతేనని చిన్నాయన నవ్వాడు.

సముద్రం నుంచి తెచ్చిన గవ్వలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. మోలీల తొట్టిలో, ఎనిమిది దాటిన నీళ్లలో, అవి ఊరికే అలంకారం, కరగవు. ఏంజెల్స్ తొట్టిలో వేస్తే సన్నగా కరుగుతూ కేహెచ్‌ను, కాఠిన్యాన్ని తెలియకుండా పెంచుతాయి. ఆవిడ తొట్టిలో కేహెచ్ మళ్లీ సున్నాకు జారకుండా ఫిల్టరులో గుప్పెడు పగడపు ముక్కలు వేయాలని చిన్నాయన ఆలోచన. పీహెచ్ దిగినప్పుడే కరుగుతాయి, ఎక్కితే ఆగిపోతాయి. చేయి పెట్టి కొలవనక్కర్లేని ఏర్పాటు కాబట్టి నాకూ అది నచ్చింది.

సాయంత్రం ఆరు. కూలర్ మోగుతోంది. తొట్టి మీద గాజు పలక పక్కకు జరిపి ఉంది, చేపలకు వేడి తగ్గాలని. ఈ కాలంలో ఇలా తెరిచిన తొట్టిలోంచి రోజూ లీటరుకు తక్కువ కాకుండా ఆవిరైపోతుంది. పోయేది నీళ్లే, బైకార్బొనేట్ పోదు. తగ్గిన మేరకు బోరు నీళ్లే పోస్తూ వెళ్తే నెల తిరిగేసరికి పదహారు కాస్తా ఇరవైకి వెళ్తుంది. గాజు మీద మార్కరుతో గీత ఉంది చూడండి. రోజువారీ తగ్గుదలకు ఆ గీత దాకా ఆర్వో నీళ్లు, అంతే. వారానికోసారి ఇరవై లీటర్లు తీసి పోసేటప్పుడు మాత్రం సగం బోరు, సగం ఆర్వో, రాత్రంతా బకెట్టులో గాలి కొట్టించినవి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవడానికి కూడా ఆ రాత్రి అవసరం.

జూన్‌లో వానలు పడి ట్యాంకర్లు ఆగితే సంపులోకి మళ్లీ నల్లా నీళ్లే వస్తాయి. ఆ మొదటి ఆదివారం మళ్లీ గొట్టం తీసి చుక్కలు లెక్కపెట్టాలి. ఏడు వస్తే ఆర్వో కలపడం మానేయాలి, లేకపోతే సగానికి సగం కలిపిన కొత్త నీళ్లు మూడున్నర డిగ్రీలే ఇస్తాయి. మోలీలకు అది చాలదు. ఈ తొట్టిలో అప్పటికి పన్నెండు పద్నాలుగు ఉంటుంది కాబట్టి మొదటివారం ఇరవై లీటర్లకు బదులు పది లీటర్లే మార్చాలని చిన్నాయన కేలండరులో జూన్ పేజీ తిప్పి, ఇప్పుడే రాసి పెట్టాడు.